ఫ్రాన్స్‌లో పుట్టిన జపాన్ ఆట

2025 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 'ది గేమ్ అవార్డ్స్' వేడుకలో ఆ ఏటి మేటి ఆట బహుమతి 'క్లెయిర్ ఒబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33'కి దక్కింది. చేసింది దక్షిణ ఫ్రాన్స్‌లోని మాంపెలియే నగరానికి చెందిన శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ అనే కొత్త సంస్థ. కథ మొదలయ్యే ఊరి పేరు లూమియేర్. చూడగానే పారిస్ గుర్తొస్తుంది, ఐఫిల్ టవర్ మాత్రం వంకరపోయి ఉంటుంది. ఏటా ఒకరోజు, దూరాన సముద్రం అవతల నిలబడ్డ రాతిస్తంభం మీద ఒక చిత్రకారిణి ఒక అంకె రాస్తుంది. ఆ వయసువాళ్ళంతా అక్కడికక్కడే పూలరేకులై రాలిపోతారు. ఏటికొకటి చొప్పున తగ్గుతూ ఆ అంకె 33కి వచ్చింది. ఇక ఏడాదే ఆయుష్షు మిగిలినవాళ్ళు దండుకట్టి ఆమెను ఆపడానికి బయల్దేరతారు.

పాత్రల పేర్లు ఫ్రెంచివి. పాటలూ ఫ్రెంచివే. బగెట్ రొట్టెలు తగిలించుకునే వేషం కూడా ఒకటుంది. అయినా ఆడినవాళ్ళలో చాలామంది దీన్ని 'జేఆర్పీజీ' అన్నారు, అంటే జపనీస్ రోల్‌ప్లేయింగ్ గేమ్. దర్శకుడు గియోమ్ బ్రోష్ కూడా 'ఫైనల్ ఫాంటసీ', 'పెర్సోనా' లాంటి జపాన్ ఆటల ప్రభావాన్ని ఎక్కడా దాచుకోలేదు. జపాన్‌లో పుట్టని ఆటకు జపాన్ పేరేమిటి మరి? ఆ పేరు దేశానికి గుర్తా, పోరాట పద్ధతికా, కథకా, బొమ్మల తీరుకా? గేమర్ల మధ్య ఏళ్ళ తరబడి తెగని పేచీ ఇది.

వీడియో గేమ్‌ల జోలికి పోని పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. నలుగురు మిత్రులు బల్ల చుట్టూ చేరి, ఒకరు యోధుడిగా, ఇంకొకరు మంత్రగాడిగా పాచికలు వేస్తూ కథ నడుపుతారు. ఒక్కో పాత్రకు బలం ఇంత, తెలివి ఇంత అని అంకెలుంటాయి. గెలిచినకొద్దీ అనుభవ పాయింట్లు వస్తాయి. అవి కూడినకొద్దీ పాత్ర లెవెల్ పెరుగుతుంది. ఈ పద్ధతిని కంప్యూటర్‌లోకి దింపిన ఆటల్లో 1981లో వచ్చిన 'విజర్డ్రీ', 'అల్టిమా' బాగా పేరుమోశాయి. జపాన్ ఆటలు ఈ రెంటి కడుపున పుట్టినవే.

ఆ విద్యను జపాన్‌కు చేర్చినవాళ్ళంతా జపానువాళ్ళు కారు. హాలండ్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన హెంక్ రోజర్స్, జపాన్‌లో స్థిరపడి 1984లో అక్కడి కంప్యూటర్ల కోసం 'ది బ్లాక్ ఆనిక్స్' చేసి అమ్మారు. ఆ తర్వాత టెట్రిస్ హక్కుల కోసం మాస్కో వెళ్ళిన రోజర్స్ ఈయనే. 1987లో వచ్చిన మొదటి 'ఫైనల్ ఫాంటసీ'కి ప్రోగ్రామ్ రాసిన నాసిర్ జెబెల్లి ఇరాన్ మూలాలున్న అమెరికన్. పుట్టిన దేశాన్ని బట్టి తేల్చేద్దామంటే మొదటి మెట్టు దగ్గరే కాలు జారుతుంది.

ఇక 1986 మే 27. ఎనిక్స్ సంస్థ నింటెండో వారి ఫ్యామికామ్ అనే కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే యంత్రం) మీద 'డ్రాగన్ క్వెస్ట్' విడుదల చేసింది. రూపకర్త యూజి హోరీ 'షోనెన్ జంప్' అనే పిల్లల వారపత్రికకు రాసేవారు. బొమ్మలు గీసిన అకిరా తొరియామా అదే పత్రికలో 'డ్రాగన్ బాల్' గీస్తున్నారు. సంగీతం కోయిచి సుగియామాది. హోరీకి విజర్డ్రీ అన్నా అల్టిమా అన్నా ప్రాణం. ఆ రెండూ కీబోర్డు ముందు గంటలకొద్దీ కూచునే పెద్దల ఆటలు. ఫ్యామికామ్ పిల్లల చేతుల్లో ఉండే యంత్రం, దానికి నాలుగు దిక్కుల మీట, కొన్ని బటన్లు, అంతే. క్యాట్రిడ్జ్‌లో ఉన్న జాగా 64 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్‌లో తీసే మామూలు ఫొటో కూడా అందులో పట్టదు. అక్షరాలకు సైతం కరువే. కతకానా లిపిలో ఇరవై అక్షరాలు మాత్రం ఉంచుకుని, వాటితో కుదిరే పేర్లే రాక్షసులకు పెట్టారు.

ఆ ఆట మొదటి నిమిషం చూస్తే హోరీ పనితనం తెలుస్తుంది. వీరుడు రాజుగారి కొలువులో నిలబడి ఉంటాడు. గదిలో పెట్టెలున్నాయి, తలుపుకు తాళం ఉంది, తలుపు అవతల మెట్లున్నాయి. రాజు మాట్లాడి పంపేస్తాడు గానీ బయటికి పోయే దారి చెప్పడు. ఆడేవాడు వెతికి పెట్టె తెరవాలి. అందులో తాళంచెవి దొరుకుతుంది. మెనూలో 'తలుపు' అనే ఆదేశం ఎంచుకుంటే తలుపు తెరుచుకుంటుంది, 'మెట్లు' అంటే మెట్లు దిగుతాడు. ఆ గది దాటేసరికి ఆట ఆడటానికి కావలసిన ఆదేశాల్లో ముఖ్యమైనవన్నీ వాడికి వచ్చేసి ఉంటాయి. పాఠం చెప్పినట్టే ఉండదు. కోట బయటికి రాగానే, నీళ్ళకు అటువైపు ఇంకో కోట కనబడుతుంది. చివర్లో చంపాల్సిన రాక్షసరాజు ఉండేది అక్కడే. చూపు మేరలోనే ఉంది, చేరాలంటే మాత్రం దేశమంతా తిరిగి రావాలి. దారిలో వంతెన దాటిన ప్రతిసారీ ఎదురయ్యే రాక్షసుల బలం పెరుగుతుంది. ఎక్కడ తన శక్తి చాలదో ఆ వంతెనలే పిల్లవాడికి చెబుతాయి.

అసలు మలుపు ఓటమి దగ్గర ఉంది. విజర్డ్రీలో జట్టంతా చచ్చిపోతే శవాలు గుహలోనే పడి ఉంటాయి. వాటిని మోసుకురావడానికి ఇంకో జట్టును తయారుచేసి పంపాలి. తెచ్చి గుడిలో బతికించబోతే అది కూడా ఒక్కోసారి బెడిసికొట్టి పాత్ర బూడిదవుతుంది. బూడిదను బతికించబోయి మళ్ళీ తప్పితే ఆ పాత్ర శాశ్వతంగా పోతుంది. డ్రాగన్ క్వెస్ట్‌లో వీరుడు చచ్చిపోతే రాజుగారి ముందు లేస్తాడు. రాజు నాలుగు చివాట్లు పెడతాడు, చేతిలో బంగారం సగం పోతుంది. సంపాదించిన అనుభవ పాయింట్లు, చేరిన లెవెల్ చెక్కుచెదరవు. వైకుంఠపాళిలో పాము నోట్లో పడితే ఎక్కిన మెట్లన్నీ పోతాయి. విజర్డ్రీలో ఏకంగా పావే పోతుంది. హోరీ పాములను ఉంచి, వాటి కోరలు పీకేశారు.

దీనివల్ల జరిగింది చిన్న మార్పు కాదు. ఫ్యామికామ్ మీద 'సూపర్ మారియో' ఆడాలంటే చేతివాటం కావాలి. చెయ్యి తిరగనివాడు ఎన్నాళ్ళు ఆడినా మూడో అంచె దాటకపోవచ్చు. డ్రాగన్ క్వెస్ట్‌లో నీలి స్లైమ్ ఒక్కటి చంపితే వచ్చేది ఒక్క అనుభవ పాయింటే. కానీ ఆ ఒక్కటీ ఎక్కడికీ పోదు. ఈ రోజు ఓడిన శత్రువు మీద రేపు నాలుగు లెవెళ్ళు పెంచుకుని రావచ్చు. ఇలా ఒకే చోట తిరుగుతూ పాయింట్లు కూడబెట్టడాన్ని గేమర్లు 'గ్రైండింగ్' అంటారు. విసుగని తిట్టుకుంటారు, తిట్టుకుంటూనే చేస్తారు. 1988 ఫిబ్రవరిలో 'డ్రాగన్ క్వెస్ట్ 3' వచ్చిన రోజు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు వరస కట్టిన పిల్లలను పోలీసులు వందల్లో పట్టుకున్నారంటే, చేతివాటం లేని పిల్లలకు కూడా ఆ ఆట ఎంత దగ్గరైందో ఊహించవచ్చు.

నిర్వచనాల గొడవ దీని తర్వాతి తరంలో మొదలైంది. 1990లలో పాశ్చాత్య దేశాల్లో ఈ రకాన్ని 'కన్సోల్ ఆర్పీజీ' అనేవారు, అక్కడివాటిని 'కంప్యూటర్ ఆర్పీజీ' అనేవారు. 1997లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 7' ఈ ఆటలను లోకమంతా మోసుకెళ్ళింది. క్యాట్రిడ్జ్‌లో పట్టనంత సినిమా దృశ్యాలు చూపాలని స్క్వేర్ సంస్థ నింటెండోను వదిలి సోనీ ప్లేస్టేషన్‌కు మారింది. మూడు సీడీల ఆట అది. అదే ఏడాది అమెరికాలో 'ఫాలౌట్' వచ్చింది. ఫాలౌట్‌లో చివరి శత్రువును తుపాకీతో చంపవచ్చు, లేదా అతని పథకంలో లోపం రుజువులతో చూపించి అతనంతట అతనే ప్రాణం తీసుకునేలా చేయవచ్చు. ఫైనల్ ఫాంటసీ 7లో పూలమ్మే ఎరిత్ చనిపోతుంది. ఎంత గొప్పగా ఆడినా, ఎన్ని లెవెళ్ళు పెంచినా ఆమెను కాపాడే దారి లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చాలామంది తీర్పు ఇచ్చేశారు: పాశ్చాత్య ఆటలో కథ ఆడేవాడిది, జపాన్ ఆటలో కథ రాసినవాడిది. మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లోనే రాకుమారి నీతో వస్తానంటుంది. వద్దంటే మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ వద్దంటే మళ్ళీ అడుగుతుంది. 'సరే' అనేదాకా వదలదు. అయితే ఇదే జపాన్‌లో 1992లో వచ్చిన 'షిన్ మెగామి టెన్సెయ్' ఆడేవాడు ఏ పక్షం చేరాడన్నదాన్ని బట్టి ముగింపు మార్చేస్తుంది. డ్రాగన్ క్వెస్ట్ 3లో వీరుడి తోటివాళ్ళను మనమే సత్రంలో పేరుపెట్టి తయారుచేసుకోవాలి. వాళ్ళకు సొంత కథ ఉండదు. ఇవి జేఆర్పీజీలు కావని ఎవరైనా అంటే జపాన్‌లో నవ్విపోతారు.

పోరాట పద్ధతి సంగతీ అంతే. 'నీ వంతు అయ్యాక నా వంతు' అన్నట్టు సాగే టర్న్ బేస్డ్ పోరే ఈ రకానికి గుర్తు అని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఫాల్కమ్ సంస్థ 'యీస్' ఆటల్లో 1987 నుంచీ పోరాటం పరుగుమీదే నడుస్తుంది. అటువైపు బెల్జియం సంస్థ లారియన్ 2023లో తెచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో ప్రతి దెబ్బా వంతు ప్రకారమే పడుతుంది. దాన్ని జేఆర్పీజీ అన్నవాళ్ళు లేరు. జపాన్‌లోనే ఇంకో తమాషా జరిగింది. ఫైనల్ ఫాంటసీ వంతులు వదిలి కత్తియుద్ధాల వైపు పరుగెత్తుతున్న కాలంలో, వీధి కొట్లాటలకు పేరుపడ్డ 'యాకూజా' ఆటలు 2020లో ఏడో భాగం నుంచి వంతుల పోరాటానికి మారాయి. కారణం కథలోనే పెట్టారు. అందులో నాయకుడు ఇచిబాన్ కసుగాకు చిన్నప్పటి నుంచీ డ్రాగన్ క్వెస్ట్ పిచ్చి. యోకొహామా సందుల్లో రౌడీలు ఎదురైనా అతనికి రాక్షసుల్లాగే కనిపిస్తారు. బొమ్మల తీరు గురించి వాదించడానికి ఇక్కడ చోటు దండగ. పెద్ద కళ్ళు, మొనదేలిన జుట్టు ఇవాళ అన్ని దేశాల ఆటల్లోనూ ఉన్నాయి.

ఇంతకూ ఆ పేరు జపాన్‌లోనివాళ్ళకు ఎలా వినిపిస్తుంది? 2023 ఫిబ్రవరిలో ఫైనల్ ఫాంటసీ 16 విడుదలకు ముందు, దాని నిర్మాత నవోకి యోషిదా ఒక ఇంటర్వ్యూలో ఈ విషయం కదిపారు. పదిహేనేళ్ళ కిందట ఈ మాట మొదటిసారి విన్నప్పుడు తమను వేరుచేసి వెక్కిరించినట్టే అనిపించిందన్నారు. తాము ఆర్పీజీ చేద్దామనే కూచున్నాం తప్ప జేఆర్పీజీ చేద్దామని కాదన్నారు. ఆయన చెప్పిన కాలం గుర్తున్నవాళ్ళకు ఆ బాధ అర్థమవుతుంది. 2006లో 'ఆబ్లివియన్', 2007లో 'మాస్ ఎఫెక్ట్' వచ్చాక పాశ్చాత్య సమీక్షకులకు జపాన్ ఆటలు పాతచింతకాయ పచ్చడిలా కనిపించాయి. గతం మరిచిపోయిన కుర్రాడు, లోకాన్ని కాపాడే బాధ్యత, ముగియని సంభాషణలు అంటూ ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళికి పొట్టి పేరు జేఆర్పీజీ అయింది. 'బయొనెట్టా' సృష్టికర్త హిదెకి కమియా మాత్రం వేరే దారి పట్టారు. ఆ పేరు చెప్పుకుని గర్వపడాలి గాని సిగ్గెందుకు అన్నది ఆయన ధోరణి.

యోషిదా బాధ న్యాయమైనదే. అయినా పేరు పోలేదు, ఇక పోదు కూడా. ఇప్పుడు దాన్ని వాడేది వెక్కిరించేవాళ్ళు కాదు, అలాంటి ఆటలు చేద్దామని ఆశపడేవాళ్ళు. కెనడాలో 2023లో 'సీ ఆఫ్ స్టార్స్' చేసినవాళ్ళు అలాంటివాళ్ళే. కనుక దేశం, వంతులు, బొమ్మలు పక్కన పెట్టి హోరీ ఓటమిని ఎలా మార్చారో దాన్నే కొలబద్దగా పెట్టి చూడటం మేలు. కథను చివరిదాకా నడిపించే పూచీ రాసినవాడిది. చేతివాటం లేకపోయినా ఓపిక ఉన్నవాడిని చివరికి చేర్చే పూచీ అంకెలది. ఈ రెండు పూచీలూ కలిసి ఉన్న చోట ఆడేవాళ్ళకు జేఆర్పీజీ కనిపిస్తోంది.

పోకెమాన్ తీసుకోండి. 1996లో వచ్చిన ఆ ఆటలో పోకెమాన్లన్నీ సొమ్మసిల్లితే పిల్లవాడు వైద్యకేంద్రం దగ్గర లేస్తాడు, జేబులో డబ్బు సగం పోతుంది, పోకెమాన్ల లెవెళ్ళు అలాగే ఉంటాయి. అచ్చంగా డ్రాగన్ క్వెస్ట్ రాజుగారి తీర్పే. ఫైనల్ ఫాంటసీలు ఈ విషయంలో కొంచెం కఠినం. ఓడితే చివరగా సేవ్ చేసిన చోటికి వెళ్ళాలి, మధ్యలో సంపాదించింది పోతుంది. అక్కడ ఈ కొలబద్ద కాస్త వంగుతుంది. విరగదు, ఎందుకంటే సేవ్ చేసింది ఎవరూ లాక్కోరు.

'డార్క్ సోల్స్', 'ఎల్డెన్ రింగ్' చేసిన ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ టోక్యో సంస్థ. ఆ ఆటల్లో పాయింట్లున్నాయి, లెవెళ్ళున్నాయి, రాక్షసులున్నారు. అయినా వాటిని జేఆర్పీజీ అనడానికి చాలామందికి నోరు రాదు. చస్తే కూడబెట్టిన పాయింట్లు ('సోల్స్') చచ్చిన చోటే నేల మీద ఉండిపోతాయి. అక్కడికి చేరేలోపు మళ్ళీ చస్తే అవి శాశ్వతంగా గల్లంతు. లెవెల్ ఎంత పెరిగినా దెబ్బ తప్పించుకునే చెయ్యి ఉండాలి. కథ మాత్రం కత్తుల వివరాల్లో, ఉంగరాల వివరాల్లో ముక్కలుగా దొరుకుతుంది, ఎవరూ చెయ్యిపట్టుకుని చెప్పరు. దర్శకుడు హిదెతాక మియజాకి చిన్నప్పుడు చదివిన పుస్తకాల్లో బ్రిటన్ 'ఫైటింగ్ ఫాంటసీ' గేమ్‌బుక్‌లున్నాయి. జపాన్‌లోనే పెరిగినా ఈ ఆటలు డ్రాగన్ క్వెస్ట్ ఇంటి బిడ్డలు కావు, విజర్డ్రీ గుహల వైపు చుట్టాలు.

ఒక రకానికి హద్దులు ఎక్కడున్నాయో దాన్ని ఎగతాళి చేసేవాడికే బాగా తెలుస్తుంది. అమెరికన్ కుర్రాడు టోబీ ఫాక్స్ 2015లో 'అండర్‌టేల్' చేశాడు. జపాన్ ప్రకటనల రచయిత షిగెసాతో ఇతోయి సృష్టించిన 'మదర్' ఆటల మీద పెంచుకున్న ప్రేమ అందులో అడుగడుగునా కనిపిస్తుంది. అండర్‌టేల్‌లో రాక్షసులను చంపి పాయింట్లు తెచ్చుకోవచ్చు, మాట్లాడి వదిలేయనూ వచ్చు. చంపుకుంటూ పోయినవాడికి చివర్లో ఒక పాత్ర నిలదీసి లెక్క చెబుతుంది: నువ్వు అనుభవం అనుకుంటున్న ఆ అంకె, నువ్వు ఇతరులకు చేసిన హింసకు కొలత. ఏళ్ళుగా గ్రైండింగ్ చేసినవాళ్ళ గుండెలో అది సూటిగా గుచ్చుకుంటుంది. ఎప్పుడూ స్లైమ్‌లు చంపనివాడికి ఆ మాటలో ఏమీ ఉండదు.

ఎక్స్‌పెడిషన్ 33 ఇందులో ఎక్కడ నిలుస్తుంది? వంతులున్నాయి గానీ శత్రువు వంతులో ఊరికే కూచోవడానికి లేదు. సరిగ్గా దెబ్బ పడే క్షణాన బటన్ నొక్కితే దాన్ని తిప్పికొట్టవచ్చు. ఇది చేతివాటం పనే. కానీ తేలిక స్థాయి ఉంది, పక్కదారుల్లో తిరిగి బలం పెంచుకునే వీలుంది. మూడో అంకంలో అన్ని మూలలూ వెతికి వచ్చినవాళ్ళకు చివరి శత్రువు రెండు మూడు దెబ్బలకే కూలిపోయి నిరాశ కలిగించాడన్న ఫిర్యాదు కూడా వచ్చింది. ఆ ఫిర్యాదును మించిన జేఆర్పీజీ లక్షణం ఇంకోటి లేదు.

ఇప్పుడు చిక్కంతా షాంఘైలో ఉంది. మిహోయో సంస్థ 2023లో తెచ్చిన 'హోంకాయ్: స్టార్ రైల్'లో అంతరిక్షంలో తిరిగే రైలు, వంతుల పోరాటం, పెద్దకళ్ళ బొమ్మలు, పొడుగాటి కథ అన్నీ ఉన్నాయి. ఆట ఉచితం. కొత్త పాత్రలు కావాలంటే లాటరీ చీటీ తీసినట్టు తీయాలి, చీటీలు అయిపోతే డబ్బు పెట్టి కొనాలి. పాత్రలను బలపరచడానికి కావలసిన సామగ్రి తెచ్చుకోవాలంటే ఒక రకం శక్తి ఖర్చవుతుంది, అది ఆరు నిమిషాలకొక పాయింటు చొప్పున నిండుతుంది. అయిపోతే ఎంత ఓపిక ఉన్నా ఆగాల్సిందే. ఈ ఏర్పాటు చైనావాళ్ళు కనిపెట్టింది కాదు. జపాన్‌లో 2015లో వచ్చిన 'ఫేట్/గ్రాండ్ ఆర్డర్' అప్పటికే ఇదే బాటలో కోట్ల డాలర్లు గడించింది. బొమ్మ చూస్తే రెండూ జేఆర్పీజీలే. హోరీ పిల్లలకు ఓపికను పెట్టుబడిగా ఇచ్చారు, ఈ ఆటలు ఆ ఓపికకే రోజువారీ కోటా పెట్టాయి. వాటిని ఈ రకంలో చేర్చడానికి పాత అభిమానులు ఇంకా ఒప్పుకోవడం లేదు. ఇవే మొదటి ఆర్పీజీలుగా ఫోన్ల మీద ఆడి పెరుగుతున్న పిల్లలు ఆ అభ్యంతరాన్ని పట్టించుకుంటారన్న నమ్మకమూ లేదు.